జియోఫిజిక్స్ పీజీ సీటుకి ఏం చదివుండాలి?

ఎడిటర్ గారికి నమస్కారం అండీ,

మొన్న మీ విద్యా పేజీలో పీజీ అడ్మిషన్ల గురించి వేసింది చదివాను. ఎమ్మెస్సీ కోర్సుల లిస్టులో జియోఫిజిక్స్ (భూమి లోపలి సంగతుల్ని ఫిజిక్స్‌తో, లెక్కలతో తెలుసుకునే చదువు) ఒక్కచోట కనపడింది, పక్కన "అర్హత: బీఎస్సీ మ్యాథ్స్, ఫిజిక్స్" అని ఉంది అంతే. డిగ్రీ మెమో మీద ఆ సబ్జెక్టు పేరు లేదని సీటు ఇవ్వకుండా, ఆ చిన్న లైను ఇప్పుడు మన పిల్లల్ని ఎంత ఇబ్బంది పెడుతోందో దగ్గర్నుంచి చూస్తున్నాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను, పొడుగైతే ఏమీ అనుకోకండి.

ముందు నేనేం చేస్తానో చెప్పాలి, లేకపోతే ఎందుకు ఇంత బాధపడుతున్నానో అర్థం కాదు. నేను ఇరవై ఏళ్లకి పైగా ఎలాస్టిక్ వేవ్స్ మీద పని చేస్తున్నాను, అంటే మన ఇంటర్ పుస్తకం భాషలో స్థితిస్థాపక తరంగాలు. రబ్బరు బ్యాండ్ లాగి వదిలితే వెనక్కి వచ్చేస్తుంది కదా, రాయి కూడా అంతేనండీ, కాకపోతే కంటికి కనపడనంత కొంచెం నొక్కుకుని మళ్లీ సర్దుకుంటుంది, ఆ నొక్కుడు పక్కనున్న రాయికి, అది దాని పక్కదానికి, అలా వెళ్తూ ఉంటుంది. నొక్కుతూ వెళ్లేది పీ వేవ్, పక్కకి ఊపుతూ వెళ్లేది ఎస్ వేవ్. ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్‌లో "ఘనపదార్థాల యాంత్రిక ధర్మాలు" అని ఒక పాఠం, సెకండియర్‌లో "తరంగాలు" అని ఇంకో పాఠం ఉంటాయి. హుక్ నియమం, ఆయత గుణకం, దృఢతా గుణకం, అనుదైర్ఘ్య తరంగాలు, తిర్యక్ తరంగాలు... నేను ఇప్పటికీ చేసే పని ఆ రెండు పాఠాల మీదే నిలబడి ఉంది. పాయిజాన్ నిష్పత్తి అని రెండు మార్కుల ప్రశ్నకి బట్టీ పట్టాం కదా, ఆ పేరున్న ఫ్రెంచి శాస్త్రవేత్త పాయిజానే 1820ల చివర్లో, భూకంపం కొలిచే యంత్రం అన్నదే సరిగ్గా లేని రోజుల్లో, ఘనపదార్థంలో రెండు రకాల తరంగాలు రెండు వేర్వేరు వేగాలతో వెళ్తాయని కాగితం మీద లెక్కతో తేల్చాడు. ఆ లెక్క నిజమని తెలిసింది మన దేశంలో వచ్చిన భూకంపంతోనే. 1897 జూన్ 12న అస్సాంలో వచ్చిన పెద్ద భూకంపం యూరప్‌లోని యంత్రాల మీద గీసిన గీతల్ని పెట్టుకుని, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన ఆల్డ్‌హామ్ ఇదిగో పీ, ఇదిగో ఎస్, ఇదిగో నేల పైపైన పోయేది అని విడదీసి చూపించాడు. 1906లో భూమి మధ్యలో వేరే పదార్థంతో ఒక గర్భం ఉందని కూడా ఈ తరంగాల లెక్కతోనే చెప్పాడు. ఈ సంగతి మన డిగ్రీ పిల్లలకి ఎవరైనా చెప్తే ఎంత బావుండునో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

2024 డిసెంబర్ 4 పొద్దున 7.27కి ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కదిలింది, హైదరాబాద్‌లో కూడా చాలామందికి తెలిసింది. మా అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోర్ల వాళ్లు కిందికి వచ్చేశారు, మా పక్కింటావిడ "ముందు ఏదో సన్నగా అనిపించింది, కాసేపాగి బాగా ఊగిందండీ" అంది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. దూరం 200 కిలోమీటర్లు అనుకోండి, పీ వేవ్ మన దక్కన్ గ్రానైట్‌లో సెకనుకి సుమారు 6 కిలోమీటర్లు పోతుంది కాబట్టి 33 సెకన్లలో వచ్చేస్తుంది, ఎస్ వేవ్ 3.5 కిలోమీటర్ల వేగంతో 57 సెకన్లకి వస్తుంది, మధ్యలో 24 సెకన్లు. జపాన్ వాళ్లు 2007 నుంచి జనానికి ముందస్తు హెచ్చరిక ఇస్తున్నది ఇలాంటి తేడాని పట్టుకునే, గట్టిగా ఊపేది వచ్చేలోపు ఫోన్ మోగుతుంది, రైలు ఆగుతుంది. మా అమ్మ 1967 మార్చి 27న ఒంగోలు భూకంపం చూసింది, సామాన్లు గలగలలాడాయి, అందరం వీధిలో కూర్చున్నాం అని నా చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర వచ్చింది. 1993లో మహారాష్ట్రలో కిల్లారి. అంటే ఇది మనకి దూరపు సబ్జెక్టు కాదండీ, మన ఇంటి గోడలకి సంబంధించింది.

ఇంకోటి కూడా చెప్పాలి. 1970ల్లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు నెల్లూరు జిల్లా కావలి నుంచి కర్ణాటకలో ఉడుపి దాకా, ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా, సుమారు 600 కిలోమీటర్ల లైను మీద బోర్లలో మందు పేల్చి, దూరదూరంగా యంత్రాలు పెట్టి లోపల్నుంచి తిరిగొచ్చిన తరంగాల్ని రికార్డు చేశారు. డాక్టర్ కైలా గారి టీం. మన కడప రాళ్ల కింద భూమి పైపెంకు ఎంత మందం ఉందో, అది సుమారు 35 నుంచి 40 కిలోమీటర్లని, మనకి అలా తెలిసింది. గోదావరి జిల్లాల వాళ్లయితే పొలాల్లో వైర్లు పరిచి జియోఫోన్లు (నేల కదలికని పట్టే చిన్న యంత్రాలు) గుచ్చే సిస్మిక్ సర్వే వాళ్లని చూసే ఉంటారు, అదీ ఇదే పని, కాకపోతే లోతు తక్కువ, వెతికేది గ్యాస్.

సరే, ఇప్పుడు అసలు విషయం.

మేం చదివిన రోజుల్లో బీఎస్సీ అంటే ఎంపీసీ, మూడు సబ్జెక్టులు మూడేళ్లు సమానంగా. నేను తెలుగు మీడియంలో ఇంటర్ చేసి గవర్నమెంట్ డిగ్రీ కాలేజీలో ఎంపీసీ చదివాను, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, లీనియర్ ఆల్జీబ్రా, వెక్టర్ కాలిక్యులస్ అన్నీ అందులోనే అయిపోయాయి, ఎందుకు చదువుతున్నామో తెలియకుండానే చదివేశాం అనుకోండి, కానీ ఎమ్మెస్సీలోకి వెళ్లాక మొదటి నెలలోనే అన్నీ పనికొచ్చాయి. ఆ "మ్యాథ్స్, ఫిజిక్స్" అన్న అర్హత ఆ రోజులకి సరిపోయేది, ఎందుకంటే ఎంపీసీ అని మెమో మీద ఉంటే ఆ పిల్ల ఏం చదివిందో ఎవరికైనా తెలిసిపోయేది.

2023-24 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీకి సింగిల్ మేజర్ పెట్టారు కదా, ఒక మేజర్ (ముఖ్య సబ్జెక్టు), ఒక మైనర్ (దానికి తోడు ఇంకో సబ్జెక్టు). మా ఊర్లో మా అమ్మావాళ్ల పక్కింటి వాళ్ల మనవరాలు ఆ మొదటి బ్యాచ్. ఫిజిక్స్ మేజర్ తీసుకుంది, మైనర్ ఏం తీసుకోవాలి అని అడిగితే కాలేజీలో అందరూ కంప్యూటర్స్ తీసుకో ఉద్యోగం వస్తుంది అన్నారు, తీసుకుంది. ఎవరు మాత్రం కాదంటారు. మూడేళ్లు మంచి మార్కులతో అయిపోయింది, జియోఫిజిక్స్ మీద ఇష్టం ఉంది (కొంచెం నా వల్లే, ఊరెళ్లినప్పుడల్లా భూకంపాల సంగతులు చెప్పేదాన్ని), ఇక్కడా అక్కడా అప్లై చేసింది. బయటి రాష్ట్రంలో ఒక యూనివర్సిటీలో ఎంట్రన్స్‌లో ర్యాంకు వచ్చింది, సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి రానూపోనూ రెండు రోజుల రైలు ప్రయాణం చేసి తండ్రీకూతుళ్లు వెళ్లారు. అక్కడ మెమో చూసి "డిగ్రీలో మ్యాథ్స్ సబ్జెక్టుగా లేదు" అని పక్కన పెట్టేశారు. ఎంట్రన్స్‌లో సగం ప్రశ్నలు లెక్కలే, అవి చేసే ర్యాంకు తెచ్చుకుంది, ఆ సంగతి ఎవరూ వినలేదు. ఆ పిల్ల నాకు ఫోన్ చేసి ఏడవలేదు, "నేను తప్పు మైనర్ తీసుకున్నానా పిన్నీ" అని మాత్రం అడిగింది. ఆ మాట నాకు చాలా రోజులు మనసులోంచి పోలేదు.

ఇలాంటి వాళ్లు ఇంకా ఉంటారు. మ్యాథ్స్ మేజర్ చేసి ఫిజిక్స్ మైనర్ కాకుండా ఇంకోటి తీసుకున్నవాళ్లు, జియాలజీ మేజర్ చేసి ఇంటర్ తర్వాత లెక్కలే ముట్టుకోనివాళ్లు. అందరి మెమోలూ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

ఒకటి మాత్రం స్పష్టంగా చెప్పాలి, లెక్కలు అక్కర్లేదు, రూల్ తీసెయ్యండి అని నేను అనడం లేదు. లెక్కలు కావాలి, చాలా కావాలి. నా పనినే తీసుకోండి. భూమిలో 10 కిలోమీటర్ల పొడవు, 5 కిలోమీటర్ల లోతు ఒక నిలువు ముక్క తీసుకుని దాన్ని 5 మీటర్ల గళ్లుగా కోస్తే 20 లక్షల గళ్లు. ఒక్కో గడికి సాంద్రత ఇంత, పీ వేగం ఇంత, ఎస్ వేగం ఇంత అని మూడు అంకెలు ఇవ్వాలి. పైన ఒక చోట దెబ్బ కొట్టినట్టు పెట్టి, ప్రతి గడిలో కదలిక రెండు దిక్కుల్లో ఎంత, ఒత్తిడి మూడు రకాలుగా ఎంత అని మొత్తం ఐదు లెక్కలు, సెకనులో వెయ్యో వంతు కన్నా చిన్న అడుగులు వేసుకుంటూ కట్టుకుంటూ పోవాలి. 5 సెకన్ల రికార్డు కావాలంటే 7 వేల అడుగులు. గడి 5 మీటర్లే ఎందుకంటే, ఎస్ వేగం సెకనుకి 1000 మీటర్లు, తరంగం సెకనుకి 20 సార్లు ఊగేది అయితే దాని పొడవు 50 మీటర్లు, ఒక తరంగం పొడవులో కనీసం పది గళ్లు పడకపోతే కంప్యూటర్ లేని తరంగాల్ని పుట్టించి చూపిస్తుంది. అదే గోదావరి డెల్టా పైమట్టి అయితే ఎస్ వేగం 200 మీటర్లకి పడిపోవచ్చు, అప్పుడు గడి 1 మీటర్ చెయ్యాలి, గళ్లు 25 రెట్లు, అడుగులు 5 రెట్లు, మొత్తం పని 125 రెట్లు. ఇది తెలియని వాళ్లు సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కి వచ్చిన బొమ్మని నమ్మేస్తారు, నమ్మి బావి ఎక్కడ తవ్వాలో చెప్పేస్తారు. పీ వేవ్ ఒక్కటే చూసుకుంటే పోదా అంటే పోదు, లోపల గ్యాస్ ఉన్న చోట పీ వేవ్ మసకబారిపోతుంది, ఎస్ వేవ్‌కి మాత్రం రాళ్ల సందుల్లో ఉన్న గ్యాస్ పెద్ద అడ్డం కాదు, అందుకే సముద్రం అడుగున యంత్రాలు పెట్టి మరీ దాన్ని పట్టుకుంటారు, నీళ్లలో ఎస్ వేవ్ అసలు పోదు కాబట్టి పైన ఓడలో కూర్చుంటే దొరకదు. ఇవన్నీ అర్థం కావాలంటే పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, మాట్రిక్సులు, ఫోరియర్ (తరంగాన్ని విడివిడి ఊపులుగా విడగొట్టే లెక్క) వచ్చి ఉండాలి. అలాగే కొంచెం ప్రోగ్రామింగ్ కూడా, ఆ లెక్కన కంప్యూటర్స్ మైనర్ చేసిన పిల్ల మాకు సగం పని నేర్చుకునే వచ్చినట్టు.

అందుకని నేను అడిగేది ఒకటే. అర్హత దగ్గర సబ్జెక్టు పేరు అడక్కండి, ఏ పేపర్లు చదివారో, ఎన్ని క్రెడిట్లు వచ్చాయో అడగండి. కాలిక్యులస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, లీనియర్ ఆల్జీబ్రా ఇన్ని క్రెడిట్లు, ఫిజిక్స్ ఇన్ని క్రెడిట్లు, అవి మేజర్‌లో వచ్చాయా మైనర్‌లో వచ్చాయా ఆన్‌లైన్‌లో స్వయం లాంటి దాంట్లో పరీక్ష రాసి తెచ్చుకున్నారా అన్నది తర్వాత. ఎవరికైనా ఒకటి రెండు పేపర్లు తక్కువైతే సీటు ఇచ్చి మొదటి సెమిస్టర్ ముందు ఎండాకాలంలో ఆరు వారాలు బ్రిడ్జి కోర్సు పెట్టి, పాస్ అయితేనే కొనసాగించండి. ఇది కొత్త విషయమేం కాదు, జర్మనీలో మాస్టర్స్‌కి చాలా యూనివర్సిటీలు ఇలాగే చూస్తాయి, మ్యాథ్స్‌లో ఇన్ని క్రెడిట్లు, ఫిజిక్స్‌లో ఇన్ని అని సిలబస్ కాగితాలు తెప్పించుకుని లెక్కపెడతారు. మన దేశంలోనే చూడండి, యూపీఎస్సీ కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్షకి జియోఫిజిసిస్ట్ పోస్టుకి ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్లు కూడా అర్హులే. ఉద్యోగం ఇచ్చేవాళ్లే అంత విశాలంగా చూస్తున్నప్పుడు చదువు చెప్పేవాళ్లు ముందే తలుపు వెయ్యడం నాకు సరి అనిపించడం లేదు.

పేరు చూసి పక్కన పెట్టడం అంటే ఏమిటో నాకూ తెలుసు కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. పీహెచ్‌డీకి బయటి దేశంలో ఒక యూనివర్సిటీకి అప్లై చేశాను అప్పట్లో. ప్రొఫెసర్ గారికి నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు నచ్చింది, రమ్మన్నారు కూడా. అడ్మిషన్ ఆఫీసు వాళ్లు "మీ బ్యాచిలర్స్ మూడేళ్లే, మాకు నాలుగేళ్లు ఉండాలి" అని తిప్పి పంపించారు. మూడేళ్ల బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీ కూడా ఉంది కదా అని రాస్తే, అది వేరే లెక్క అన్నారు. అప్లికేషన్ ఫీజుకి మా నాన్న ఆ నెల పొగాకు డబ్బులు రాకముందే అప్పు తెచ్చి ఇచ్చాడు, అది పోయింది. నేను ఇక్కడే పీహెచ్‌డీ చేశాను, దానికేం చింత లేదు, కానీ నా క్లాసులో ఇంకో ఇద్దరు అక్కడితో ఆగిపోయి వేరే ఉద్యోగాల్లోకి వెళ్లిపోయారు, ఇద్దరూ నాకన్నా లెక్కల్లో గట్టివాళ్లు.

ఇప్పుడు కొన్ని మారాయి, అవి పిల్లలకి తెలియాలి. అమెరికాలో జియోసైన్స్ డిపార్ట్‌మెంట్లు చాలా వరకు జీఆర్‌ఈ అడగడం మానేశాయి, కాబట్టి అప్లై చేసే ముందు ఆ డిపార్ట్‌మెంట్ పేజీ చూసుకోకుండా పాతిక వేలు పోసి కోచింగ్‌లో చేరొద్దు. అక్కడ పీహెచ్‌డీకి చాలాచోట్ల జీతంలాంటిది ప్రొఫెసర్ ప్రాజెక్టు నుంచే వస్తుంది, అందుకని ముందే ఆయనకి మెయిల్ రాయాలి, ఆయన పేపర్ ఒకటైనా చదివి, అందులో అర్థం కానిది ఏదో అడుగుతూ రాయాలి, "రెస్పెక్టెడ్ సర్" అని వంద మందికి ఒకే మెయిల్ పంపితే జవాబు రాదు. సౌదీలో కౌస్ట్ (కింగ్ అబ్దుల్లా యూనివర్సిటీ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ) అని ఒక యూనివర్సిటీ ఉంది, తరంగాల లెక్కల్లో చాలా మంచి పని జరుగుతుంది, సీటు వచ్చినవాళ్లకి స్కాలర్‌షిప్ ఇస్తారు. జర్మనీకి వెళ్లాలంటే 2022 నవంబర్ నుంచి మనవాళ్లకి ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు కాగితాలు సరైనవేనని పరిశీలించి ఇచ్చేది) తప్పనిసరి, దానికి టైం పడుతుంది, ఆఖర్లో పెట్టుకోవద్దు. మన దగ్గర యూజీసీ 2022లో రూల్ మార్చింది, నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే ఎమ్మెస్సీ లేకుండానే పీహెచ్‌డీకి అప్లై చేసుకోవచ్చు, రిజర్వేషన్ వాళ్లకి 5 శాతం సడలింపు ఉంది. జియోఫిజిక్స్ వైపు రావాలనుకునేవాళ్లు గేట్‌లో జియాలజీ అండ్ జియోఫిజిక్స్ పేపర్, సీఎస్‌ఐఆర్ నెట్‌లో ఎర్త్ సైన్సెస్ పేపర్ ఉంటాయని గుర్తుపెట్టుకోండి. మన రెండు రాష్ట్రాల్లో విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్‌లో ఉస్మానియా ఈ సబ్జెక్టుకి పాత, మంచి చోట్లు, హైదరాబాద్‌లోనే ఎన్‌జీఆర్‌ఐ 1961 నుంచి ఉంది. ఇంత దగ్గర్లో ఇంత ఉండి కూడా మన డిగ్రీ కాలేజీల్లో జియోఫిజిక్స్ అంటే బోరు పాయింట్ చూడటమా అని అడిగే లెక్చరర్లు ఉన్నారు. (బోరు పాయింట్ చూడటం కూడా మంచి పనే, సరిగ్గా చేస్తే.)

డిగ్రీ కాలేజీల ప్రిన్సిపాల్ గార్లకి ఒక విన్నపం. మైనర్ ఎంచుకునే రోజే నోటీస్ బోర్డు మీద ఒక కాగితం తెలుగులో అంటించండి, ఈ మైనర్ తీసుకుంటే ఏ ఏ ఎమ్మెస్సీలకి వెళ్లొచ్చు, ఏవి పోతాయి అని. పద్దెనిమిదేళ్ల పిల్ల ఒక గడిలో టిక్కు పెడితే మూడేళ్ల తర్వాత దాని ఫలితం ఎక్కడో వేరే రాష్ట్రంలో వెరిఫికేషన్ కౌంటర్ దగ్గర తెలియడం అన్యాయం. మీ పత్రిక విద్యా పేజీలో కూడా "అర్హత" అన్న చోట ఇంకో రెండు లైన్లు పెంచండి, పేపర్ల పేర్లతో సహా.

ఆ అమ్మాయి ఈ ఏడు ఇంట్లోనే ఉంది. రోజూ రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్‌లో కూర్చుంటున్నాం, లీనియర్ ఆల్జీబ్రా చెప్తున్నాను. పోయిన వారం ఐగెన్ వాల్యూస్ (ఒక మాట్రిక్స్‌లోంచి లెక్కకట్టి తీసే ప్రత్యేక విలువలు) దాకా వచ్చాం. గట్టి రాయిలో తరంగం వేగాలు ఒక 3×3 మాట్రిక్స్ ఐగెన్ వాల్యూల్లోంచి వస్తాయి, చేసి చూడు అని ఇచ్చాను. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది, "పిన్నీ, మూడు రావాలి కదా, రెండు విలువలు ఒకటే వస్తున్నాయి, ఎక్కడో తప్పు చేశాను, నాలుగుసార్లు చూశాను, దొరకట్లేదు" అంది. తప్పేం లేదమ్మా, పెద్దది పీ వేవ్, ఆ రెండూ ఎస్ వేవ్, అది రెండు దిక్కుల్లో ఊగగలదు, రాయి అన్ని వైపులా ఒకేలా ఉంటే రెండింటి వేగం ఒకటే అన్నాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత "మరి రాయి అన్ని వైపులా ఒకేలా లేకపోతే విడిపోతాయా?" అని అడిగింది. విడిపోతాయి, దాని మీదే నేను పదేళ్లు పని చేశాను.

వచ్చే ఏడాది నోటిఫికేషన్లు పడేలోపు ఈ ఉత్తరం మీ పేజీలో వేస్తే, యూనివర్సిటీ వాళ్లలో ఒక్కరైనా చదివి అర్హత లైను మార్చడానికి టైం ఉంటుంది. కుదించాల్సి వస్తే నా సొంత సంగతులు తీసెయ్యండి, క్రెడిట్ల గురించి రాసింది మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక జియోఫిజిక్స్ పరిశోధకురాలు,
తార్నాక, హైదరాబాద్